ఎల్లమ్మ నిమ్మకాయ

"తాళంచెవి ఎక్కడ పెట్టావమ్మా?"

మూడోసారి అడిగాడు తారక్. మూడోసారీ నేను పలకలేదు. పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటే వాటినే చూస్తూ నిలబడ్డాను.

వాడు పోపులపెట్టె తీసి చూశాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాడు. దేవుడి పటాల వెనక తడిమాడు. కన్నకొడుకు కదా, నా దాపరికాలన్నీ వాడికి తెలుసు. అందుకే ఈసారి ఎక్కడా పెట్టలేదు. కొంగు చివర ముడేసుకుని బొడ్లో దోపుకున్నాను.

"అయిదుంపావైంది. ఆరింటికి నేను పంజాగుట్టలో లేకపోతే ఆ ప్రమోద్ ఏమంటాడో తెలుసా? తండ్రి గదిలో దాక్కున్నాడు, కొడుకు అమ్మ చాటున దాక్కున్నాడు అంటాడు."

"అననీ. అన్నంత మాత్రాన ప్రాణం పోదు."

"మూడేళ్ళ నుంచీ దీపం పెట్టిన ప్రతిసారీ జోగారావు కొంప కూలాలని మొక్కేదెవరు? నువ్వు కాదూ?"

"వాడి కొంప కూలాలన్నాను. మనింటి దూలం ఊడబెరికి దాంతో కొట్టమన్నానా?"

తారక్ నవ్వలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నా వీపునే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"అమ్మా, ఇది పందెం కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? వాడి బండీ నా బండీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. గుట్ట ఎక్కడం, దిగడం, చెప్పిన చోట ఆపడం. అంతే. మా కార్ల సంఘం పెద్ద చక్రపాణి గారు చూసి చెబుతారు. నా బండే మేలని తేలితే, ఆ సంతకం ఎవరు పెట్టారో మన వీధిలో నిలబడి చెబుతానని పదిమంది ముందు మాటిచ్చాడు ప్రమోద్."

"వాడిదే మేలని తేలితే?"

వాడు గుమ్మం చెక్కని గోటితో గీకాడు.

"నా బండి వాడికిచ్చేస్తాను. ఆ సంతకం మాట జన్మలో ఎత్తను."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నేను మంట తగ్గించలేదు.

సంతకం. మూడేళ్ళుగా మా ఇంట్లో అన్నం సయించనివ్వని మాట అది. అమీర్‌పేటలో మా ఆయన చలపతిరావు, జోగారావు కలిసి కంప్యూటర్ కోచింగు సెంటరు పెట్టారు. చదువు చెప్పడం మా ఆయన వంతు, బేరాలు జోగారావు వంతు. పని చెయ్యని పిల్లలకి పని చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అమ్ముకున్నది జోగారావు. పట్టుబడ్డ రోజున వాటి కింద ఉన్న సంతకం మాత్రం మా ఆయనది. ఆయన పెట్టింది కాదు, ఆయనలాగా పెట్టింది. మిట్టమధ్యాహ్నం, ధరంకరం రోడ్డు వెనక మా సందులో, అందరూ చూస్తుండగా జీపెక్కించారు. కేసు నిలబడలేదు. మనిషీ నిలబడలేదు. వదిలిపెట్టాక ఇంటికొచ్చి గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ వీధిలోకి రాలేదు.

ఆ కోచింగు సెంటరు సొమ్ముతోనే జోగారావు కొడుకు ప్రమోద్ జపాను నుంచి వచ్చిన ఎర్రకారు కొన్నాడు. పైకప్పు లేనిది, ఇద్దరే పట్టేది. రోజూ సాయంత్రం మా సందులోకి తెచ్చి, మా బాల్కనీ కింద ఆపి, రెండుసార్లు హారన్ కొట్టి పోయేవాడు. అది వినపడగానే మా ఆయన కిటికీ తలుపు మూసేవారు. ఏడాదిపాటు అది చూసి చూసి తారక్ కూడా పైకప్పు లేని బండే కొన్నాడు. పచ్చది. ఒళ్ళంతా ఫైబరు, చేత్తో కొడితే బకెట్టులా మోగుతుంది. సందులో వాళ్ళు దానికి సబ్బుపెట్టె అని పేరు పెట్టారు.

నెత్తిన నీడలేని బండి. దాన్ని చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పై అంతస్తు నుంచి పూలకుండీ పడితే? గాలిపటం మాంజా గొంతుకి చుట్టుకుంటే? కరెంటు తీగ తెగితే? లారీ మీద నుంచి ఇసక జారితే? అన్నీ వాడితో చెప్పాను. వాడు హెల్మెట్టు పెట్టుకుంటాలే అని నవ్వాడు.

"అమ్మా, తాళంచెవి."

"ఇవ్వను."

"ఇచ్చెయ్ నాగేశ్వరీ."

ఇద్దరం తిరిగి చూశాం.

గది గుమ్మంలో మా ఆయన. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి బూట్లు. ఆ బూట్లు మూడేళ్ళుగా అటక మీద ఉన్నాయి. ఎప్పుడు దించుకున్నారో, ఎప్పుడు తుడుచుకున్నారో నాకు తెలియదు.

"నేనూ వెళుతున్నాను వాడితో," అన్నారు.

"ఎక్కడికండీ?"

"పంజాగుట్టకి. ఆ అబ్బాయి మొహం ఒకసారి చూడాలి."

కొంగు ముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టాను. నా చెయ్యి దాని మీదే ఉంచితే ఆయన చూశారు. చూసి కూడా తీసుకున్నారు.

*

కింద సబ్బుపెట్టె చుట్టూ తిరుగుతున్నాడు మెకానిక్ యేసురాజు. బోరబండ నుంచి అయిదింటికే వచ్చాడట. టార్చిలైటు నోట్లో పెట్టుకుని ముందు మూత కింద ఏదో బిగిస్తున్నాడు.

నేను మా ఆయన కోసం ఒక దిండు, నీళ్ళ సీసా పట్టుకుని దిగాను. అతను టార్చి తీసి నా చేతుల వంక చూశాడు.

"ఏందమ్మా గివి? పెండ్లికి పోతున్రా?"

"సీటు మరీ కిందికి ఉంటుందయ్యా. ఆయన మోకాళ్ళు..."

"దిండొద్దు. సీసా సుత వద్దు. గీ బండికి బరువే దుష్మన్. స్టెప్నీ తీసేసిన, రేడియో తీసేసిన, కింద పరిచిన చాప సుత పీకేసిన. సారు ఎక్కుతుండని నా పెద్ద పానా సుత దించిన."

"మా ఆయన్ని దించెయ్యవుగా?"

యేసురాజు పళ్ళికిలించాడు. "సారుకు మాఫీ."

తారక్ మడత కర్రలు విప్పి గుడ్డ కప్పు వెనక్కి చుడుతున్నాడు. ఎర్రబండికైతే ఒక్క చేత్తో పైకప్పు వెనక్కి పడిపోతుందట, దీనికి పది బొత్తాలు ఊడదియ్యాలి. వాళ్ళకి కిటికీ అద్దాలున్నాయి, వీడికి లేవు. వాళ్ళ ఇంజను పెద్దది. నేను అడిగిందే మళ్ళీ అడిగాను.

"మరి దేంట్లోనయ్యా మనది మేలు?"

"ఆగుట్ల," అన్నాడు యేసురాజు. "ఉరుకుడు ఎర్రదాందే, గుట్ట ఎక్కుడు సుత దాందే. అది వెయ్యి కిలోల పైన ఉంటది. మనది ఆరువందల యాభై. గుట్ట దిగేటప్పుడు గా బరువంత ఎనుక నుంచి నూకుతది. మనదానికి నూకెటోడే లేడు. కాలు ఆన్చితే చాలు, గోడకు బల్లి లెక్క ఆగుతది."

మా ఆయన్ని కూర్చోబెట్టడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఆ సీటు నేలకి జానెడెత్తున ఉంది. ఒక కాలు పెట్టి, నడుం వంచి, రెండో కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నారు. మోకాలు పట్టేసినప్పుడు ఆయన పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

ఎదురింటి అరుగు మీద పూలు కట్టుకునే మంగవ్వ లేచి నిలబడింది. ఆవేళ జీపెక్కించినప్పుడు కూడా అక్కడే ఉంది.

"సారు బయటికొచ్చిండు!" అంది. ఒక మూర తెంపి నా చేతిలో పెట్టింది.

అప్పుడే నా కొంగులో ఉన్నది గుర్తొచ్చింది.

మా వైపు కొత్త బండి కొంటే గుళ్ళో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే రోడ్డెక్కిస్తారు. ఈ బండికి అది జరగలేదు. కొబ్బరికాయ కొడితే ఫైబరు బీటలిస్తుందని, పసుపు రాస్తే రంగు పోతుందని తారక్ పడనివ్వలేదు. నిమ్మకాయ నలగని బండి అది. అందుకే గురువారం బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి పోయి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి ఒక కాయ తెచ్చాను. పచ్చిది, రాయిలాగా ఉంది.

తారక్, యేసురాజు వెనక పట్టీలు బిగిస్తున్నారు. మా ఆయన రోడ్డు వంక చూస్తున్నారు. నేను పూలు పెడుతున్నట్టుగా డ్రైవరు పక్క వంగి, నిమ్మకాయని తారక్ సీటు కిందికి తోశాను. అది లోపలెక్కడో రేకుకి తగిలి టక్కుమంది.

నిమ్మకాయ బరువెంతని?

*

వాళ్ళు వెళ్ళాక యేసురాజు పైకి వచ్చి కూర్చున్నాడు. తిరిగొచ్చేది ఈ సందులోకే. ఆ మాట ప్రమోద్ నోట వింటే గాని కదలనన్నాడు. టీ ఇచ్చాను.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. పొద్దుగాల నా పెండ్లాం నవోమి, నేను ఇద్దరం ప్రార్థన చేసినం."

"నీళ్ళ సీసా కూడా పెట్టనివ్వలేదు నువ్వు. అంత బరువా అది?"

"బరువుకు కాదమ్మా." అతను గ్లాసు కింద పెట్టాడు. "నిరుడు ఒక సాబు బండి దుకాణానికి వచ్చింది. వచ్చింది అంటే, గుంజుకొచ్చిన్రు. లోపట నీళ్ళ సీసా ఉండె. వాలు మీద అది దొర్లుకుంట పోయి బ్రేకు పెడల్ కింద పడ్డది. ఆయన తొక్కుతనే ఉన్నడు, బండి పోతనే ఉన్నది. గోడ ఆపింది."

"మనిషి?"

యేసురాజు టీ ఊదుకున్నాడు.

"రెండు కాళ్ళు తీసేసిన్రు. గప్పటి సంది ఒకటే రూలు పెట్టిన. నా చెయ్యి పడ్డ బండ్ల వదులుగ చాక్లెట్ కాగితం సుత ఉండొద్దు."

నా చేతిలో పట్టకారు మాత్రమే ఉంది. గిన్నె ఎప్పుడు జారిందో తెలియలేదు.

"చిన్నదైనా ప్రమాదమేనా? నిమ్మకాయంతదైనా?"

"చిన్నదైతెనే ఇంకా ఖతర్నాక్. సందుల దూరుతది. చాప సుత లేదు గద, వాలు మీద మొదటి బ్రేకుకే ముందుకు ఉరుకుతది. నలుగుతది, కాదన. గని నలిగేదాంక బండి ఆగదు గద? గా లోపట ఇరవై గజాలు పోతది." నా మొహం చూసి నవ్వాడు. "మీరు అన్నిటికీ గిట్లనే భయపడతరని తారక్ తమ్మి చెప్పిండు."

నేను ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. తారక్ సెల్లు మోగింది. మోగింది. మోగింది. ఎల్లమ్మ తల్లీ, ఏం చేశాను నేను? బిడ్డ కాళ్ళ కింద నా చేత్తోనే పెట్టానా?

"హలో, ఏంటమ్మా?"

"ఎక్కడున్నావురా?"

"నాగార్జున సర్కిల్ దగ్గర. ఇంకా బయల్దేరలేదు."

"తారక్, సీటు కింద..."

"ముందు నా మాట విను. ప్రమోద్ బళ్ళు మార్చుకుందామన్నాడు. ఎవరి బండి వాళ్ళు నడిపితే ఎవడిది వాడికే బాగుంటుంది, తేడా తెలియదన్నాడు. చక్రపాణి గారు కూడా అదే న్యాయమన్నారు. వాడి తాళంచెవి నా చేతిలో ఉంది. వాడు మన బండెక్కి కూర్చున్నాడు."

నేను రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"సీటు కింద ఏంటన్నావు?"

నేను గది వైపు చూశాను. మా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మూడేళ్ళు ఒకే చోట కూర్చుని కూర్చుని ఆ కుర్చీ పట్టీలు పల్లంగా దిగిపోయాయి. ఆ పల్లం నాకు కనిపిస్తోంది.

"ఏం లేదు," అన్నాను.

"అమ్మా, నాన్న ఏం చేశాడో తెలుసా! నాన్నేమో..."

"జాగ్రత్తగా రా," అని పెట్టేశాను.

కాసేపు అక్కడే నిలబడ్డాను. నా బిడ్డ ఆ బండిలో లేడు. ఆ బండిలో ఉన్నవాడు జోగారావు కొడుకు. మా బాల్కనీ కింద రెండుసార్లు హారన్ కొట్టేవాడు.

నేను తొయ్యలేదు. నేను కొయ్యలేదు. వాణ్ణి ఎక్కమని నేను చెప్పలేదు. అమ్మవారి కాయ, అమ్మవారి ఇష్టం.

ఇలా అనుకుంటుంటే, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, కడుపులో చల్లగా ఉంది. మూడేళ్ళలో మొదటిసారి.

"పోయిన్రా?" అడిగాడు యేసురాజు.

"బళ్ళు మార్చుకున్నారట."

అతని నుదురు ముడిపడింది. "గా పిలగాడు బరువు బండి నడిపినోడు. మనదాన్ని సుత గట్టిగ తొక్కుతడు."

నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాను.

*

ఫోన్ మళ్ళీ మోగింది. తారకేనేమో అనుకున్నాను.

"వదినా, నేను."

ఆ గొంతు విని మూడేళ్ళయింది. ఉదయలక్ష్మి. జోగారావు భార్య. ఇద్దరం రేపల్లె వాళ్ళమే. ఒకే ఏడు ఈ ఊరొచ్చాం. నా తారక్, ఆమె ప్రమోద్ ఒకే కంచంలో తిని పెరిగారు.

"పెట్టెయ్యకండి వదినా, మీ కాళ్ళు పట్టుకుంటాను. మావాడు తెల్లారకుండా వెళ్ళాడు. మీవాడితోనేనట. తెల్లవారుజాము నుంచి నా కుడికన్ను అదురుతోంది."

నేను రిసీవరు తీగ వేలికి చుట్టుకున్నాను.

"నేను ఫోన్ చేస్తే వాడికి కోపం. బండి నడుపుతుంటే చెయ్యొద్దంటాడు. మీ తారక్‌తో ఒక్క మాట చెప్పించండి, నెమ్మదిగా నడపమని. పాత కక్షలు పిల్లల మీద పెట్టుకోవద్దు వదినా. వాడికేమీ తెలియదు."

వాడికి తెలుసు. సంతకం ఎవరిదో చెబుతానన్నాడంటే తెలిసే ఉండాలి. ఈమెకీ తెలుసు.

"వదినా? వింటున్నారా? మీరూ తల్లేగా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా ఆయన్ని జీపెక్కించిన మధ్యాహ్నం నేను చెప్పుల్లేకుండా పంజాగుట్ట ద్వారకాపురిలో వాళ్ళింటికి పరిగెత్తాను. తలుపు కొట్టాను. కొట్టి కొట్టి చెయ్యి వాచింది. జోగారావు చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. తలుపు తియ్యకుండానే లోపల నుంచి ఈ గొంతే చెప్పింది.

ఆ మాటలే ఆమెకి తిరిగిచ్చాను. ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

"ఆయన ఇంట్లో లేరు. తర్వాత రండి."

అవతల ఊపిరి ఆగిపోవడం వినిపించింది. ఆమె గుర్తుపట్టింది. నాకు కావలసింది అదే.

ఫోన్ పెట్టేశాను.

"ఎవరమ్మా?" అన్నాడు యేసురాజు.

"రాంగ్ నంబర్."

*

ఆరూముప్పావుకి సందు మొదట్లో హారన్ వినిపించింది. రెండుసార్లు. బాల్కనీలోకి పరిగెత్తాను.

ఎర్రబండి.

"సబ్బుపెట్టె పోయింది, మిరపకాయ వచ్చింది!" మంగవ్వ కింద నుంచి అరిచి నవ్వుతోంది.

తారక్ ఒక్క గెంతున బండి దిగాడు. జుట్టంతా గాలికి లేచి ఉంది. వాడి మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయింది! మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు.

"అమ్మా, మనదే! దీని స్పీడు బాగుంది, సీట్లు బాగున్నాయి, కప్పు బాగుంది. కానీ వాలులో దీన్ని ఆపేసరికి కాలు లాగేసింది. మన దాంట్లో మనమే నడుపుతాం, దీంట్లో ఇదే మనల్ని నడుపుతుంది. చక్రపాణి గారు తేల్చేశారు. ప్రమోద్ అయితే గుట్ట పైకి చేరగానే ఒప్పేసుకున్నాడు. దిగి చూడక్కర్లేదు, మలుపుల్లోనే తెలిసిపోయిందన్నాడు. వీధిలోకొచ్చి చెబుతాడు. ఇవాళే!"

నేను వాడి వెనక మెట్ల వైపు చూస్తున్నాను.

"నాన్నేరి?"

"అదేగా నీకు చెప్పబోతే పెట్టేశావు!" వాడు పగలబడి నవ్వాడు. "బళ్ళు మార్చుకుంటుంటే నాన్న లేవలేకపోయాడు. మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. ఆ సీట్లోంచి రారే! చివరికి, వదిలెయ్యండ్రా, నేను ఈ అబ్బాయితోనే వస్తానన్నాడు. నువ్వు చూడాల్సిందమ్మా. పైకెళ్ళాక ఇద్దరూ బండిలోనే కూర్చుని ఒకటే మాటలు. మీరు ముందు పదండి, నేను సార్‌ని మెల్లగా తీసుకొస్తానన్నాడు ప్రమోద్. సార్ అన్నాడమ్మా!"

బాల్కనీ రెయిలింగు పట్టుకున్నాను. చల్లటి ఇనుము.

"దిగారా?"

"ఈపాటికి దిగుతుంటారు."

"తారక్... బ్రేకు కింద నిమ్మకాయ ఉంది."

వాడికి అర్థం కాలేదు. యేసురాజుకి అర్థమైంది. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"ఎంత సేపాయె పెట్టి?"

"వాళ్ళు బయల్దేరకముందే. సీటు కింద. ఎల్లమ్మ దగ్గరిది. బండికి నిమ్మకాయ తొక్కించలేదని..."

"అమ్మా!" తారక్ గొంతు చీలిపోయింది. వాడప్పుడే సెల్లు తీసి నొక్కుతున్నాడు. చెవికి పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ నొక్కాడు. "మోగుతోంది. ఎత్తడు. కప్పు లేదు కదా, గాలి హోరుకి వినపడదు."

యేసురాజు సగం మెట్లు దిగి వెనక్కి అరిచాడు. "ఎట్లనన్న చెప్పుండ్రి, కాలుబ్రేకు తొక్కొద్దు! గేరు తగ్గించి హ్యాండుబ్రేకు మెల్లగ గుంజమను! నేను ఎదురు పోతున్న!" అతని మోటారుసైకిలు సందు దాటిపోయింది.

తారక్ నా వంక చూశాడు.

"వాళ్ళమ్మ. వాళ్ళమ్మ కోసం వాడి జేబులో వేరే సెల్లుంటుంది. ఆ నంబరు ఎవరికీ ఇవ్వడు. అది వణికితే విసుక్కుంటూనైనా తీస్తాడు. ఉదయత్త చెయ్యాలి. నాకు వాళ్ళింటి నంబరు గుర్తులేదమ్మా."

నాకు గుర్తుంది. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా తిప్పకపోయినా వేళ్ళకి గుర్తుంది.

రెండో మోతకే ఎత్తింది.

"ఉదయా, నేను నాగేశ్వరిని."

పలకలేదు. పెట్టెయ్యనూ లేదు.

"మీవాడు నడిపే బండిలో బ్రేకు కింద నిమ్మకాయ పడి ఉంటుంది. తొక్కొద్దని చెప్పు. గేరు తగ్గించి హ్యాండుబ్రేకు మెల్లగా లాగమను. నీ సెల్లు నుంచి చెయ్యి, ఇప్పుడే చెయ్యి. మా ఆయన కూడా ఆ బండిలోనే ఉన్నారు."

ఒక్క క్షణం. అంత పొడుగు క్షణం నా బతుకులో లేదు.

"ఇందాక నేను చేసినప్పుడు నీకీ సంగతి తెలుసా?"

వదిన లేదు, మీరు లేదు. తారక్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. రిసీవరులోంచి వాడికీ వినిపించింది. లేదు అంటే సరిపోతుంది. నా ఒక్కదానికి తప్ప ఎవరికీ తెలియదు.

"తెలుసు," అన్నాను.

తారక్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

అవతల ఏదో టక్కుమంది. పెట్టేసిందనుకున్నాను. లేదు, రిసీవరు బల్ల మీద పెట్టింది. సెల్లు మీట నొక్కిన చప్పుడు, దాని వెనక అవతల మోగుతున్న చప్పుడు. ఒకటి. రెండు. మూడు. ఆమె ఏడుస్తోందో, అమ్మవారిని పిలుస్తోందో గొణుగుడు వినిపిస్తోంది. నేనూ ఆ అమ్మనే పిలుస్తున్నాను.

నాలుగో మోతలో ఎవరో ఎత్తారు.

గాలి హోరు. ఆ హోరులోంచి ఒక మగగొంతు. ప్రమోద్‌ది కాదు. మూడేళ్ళుగా ఇంట్లో ఫోన్ మోగినా ముట్టని మనిషిది. నవ్వుతోంది ఆ గొంతు.

"హలో! ప్రమోద్ నడుపుతున్నాడమ్మా, నాకిచ్చాడు. వాలులో ఉన్నాం. ఎవరు మాట్లాడేది?... నేను చలపతిని."